ఆమె పింఛను ఎవరి దయ?

పొద్దున పదింటికే సబ్ ట్రెజరీ ఆఫీసు వరండాలో ఒక అవ్వ కూర్చుని ఉంది. చేతిలో బట్టల దుకాణం వాళ్లిచ్చిన కవరు. అందులో పెద్దసారు పింఛను కాయితం, ఆయన మరణ ధ్రువపత్రం, బ్యాంకు పాసుబుక్కు, రెండు ఫొటోలు. పెద్దసారు ముప్పై నాలుగేండ్లు బడిపంతులు. ఆయన కాలం చేసి అయిదు నెలలు. ఈ అయిదు నెలల్లో ఆమె ఖాతాలో రూపాయి పడలేదు.

కౌంటర్ లోని గుమాస్తా చెడ్డవాడేమీ కాదు. కసురుకోలేదు, లంచం అడగలేదు. పీపీఓ మీద పేరు ఒకటుంది, ఆధార్ మీద ఇంకొకటుంది, నేనేం చేయాలె అన్నాడు. "నువ్వే ఆమెవని మాకెట్ల తెలుస్తదమ్మా?" అని అడిగాడు.

"నలభై ఆరేండ్లు ఆయనకు బువ్వ వండిన బిడ్డా. నేనెవరో ఊరందరికీ ఎరుకే. నీ రిజిస్టర్ కే ఎరుక లేదు" అన్నది అవ్వ.

ఇది ఆ ఒక్క అవ్వ గోస కాదు. ఏ మండలంలోనైనా, ఏ ట్రెజరీ ముందైనా, ఏ బ్యాంకు బెంచీ మీదైనా ఇట్లాంటి అవ్వలు కనబడతారు. ఉద్యోగ సంఘాలకు పీఆర్సీ మీద సోయి ఉంది. డీఏ బకాయిల మీద సోయి ఉంది. బదిలీల మీద, ప్రమోషన్ల మీద రాత్రింబవళ్లు సోయి ఉంది. ఫ్యామిలీ పెన్షన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వినతిపత్రంలో ఇరవయ్యో నంబరు డిమాండు కింద ఒక వాక్యం రాసి చేతులు దులుపుకుంటున్నాయి. చందా కట్టింది ఆయన, సభకు వచ్చింది ఆయన, సంఘం ఎన్నికల్లో ఓటు వేసింది ఆయన. ఆయన పోయినంక మిగిలే మనిషి గొంతు ఏ కార్యవర్గ సమావేశంలోనూ వినబడదు.

అసలు పింఛను అంటే ఏమిటో తేల్చుకుందాం. సర్కారు పెట్టే ధర్మం కాదది. కొలువు చేసిన కాలంలో చేతికివ్వకుండా ఆపిన కూలి, ముసలితనంలో ఇస్తున్నారు, అంతే. ఈ మాట మేమంటున్నది కాదు. 1982 డిసెంబర్ 17న డి.ఎస్.నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. యజమాని ఇష్టమైతే ఇచ్చి, కష్టమైతే మానుకునే బహుమానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఆ తీర్పు వచ్చిన రోజునే ఏటా పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నారు. శాలువాలు కప్పుతారు, ఉపన్యాసాలు ఇస్తారు. ఆ వేదికల మీద ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఆడమనిషిని కూర్చోబెట్టి మాట్లాడించిన సభలు ఎన్నో సంఘాల పెద్దలే చెప్పాలి.

ఆ ఆపిన కూలిలో ఆమె పాలు లేదా? పంతులును వానాకాలం ఒక ఊరికి, ఎండాకాలం మరో ఊరికి బదిలీ చేస్తే పెట్టెబేడా సర్దింది ఎవరు? జీతం మూడు నెలలు ఆగితే కిరాణం షావుకారును బతిమిలాడింది ఎవరు? ఆయన ఎలక్షన్ డ్యూటీకి, జనాభా లెక్కలకు, స్పాట్ వాల్యుయేషన్ కు పోతే పిల్లల జరం, ముసలి అత్తమామల మందులు చూసుకున్నది ఎవరు? సర్వీసు బుక్కులో ఒక్క పేరే ఉంటుంది. ఆ సర్వీసు చేసింది మాత్రం ఇద్దరు.

ఈ హక్కు కూడా ఒక్కనాడు పళ్లెంలో పెట్టి ఇచ్చింది కాదు. కేంద్రంలో కుటుంబ పింఛను పథకం 1964 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అప్పుడు కూడా ఉత్తగ ఇవ్వలేదు. ఉద్యోగి గ్రాట్యుటీలోంచి రెండు నెలల జీతమంత కోత పెట్టుకున్నారు. అంటే తన చావు తర్వాత భార్యకు వచ్చే పింఛనుకు ముందే కిస్తీ కట్టాడన్నమాట. ఆ కోత 1977లో పోయింది. 1964 పథకానికి బయట మిగిలిపోయిన పాతకాలపు ఉద్యోగుల భార్యలు ఇంకా అటే ఉండిపోయారు. వాళ్లకూ ఇవ్వాల్సిందేనని పూనామల్ కేసులో 1985లో సుప్రీంకోర్టు చెప్పేదాకా కదలిక లేదు. తారీఖుల లెక్క చూపి ముసలి వితంతువులను విడదీసే విద్య మన సర్కార్లకు కొత్తది కాదు. కింద సీపీఎస్ ముచ్చటలో మళ్లీ అదే విద్య కనబడుతుంది.

ఇప్పుడు పైసల లెక్క చూద్దాం. పాత పింఛను కింద పూర్తి సర్వీసు చేసిన ఉద్యోగికి చివరి మూల వేతనంలో సగం పింఛను. ఆయన పోతే భార్యకు చివరి వేతనంలో 30 శాతం. చివరి బేసిక్ 60 వేలు అనుకుందాం. ఆయన పింఛను 30 వేలు. ఆమెది 18 వేలు. దాని మీద కరువు భృతి వేరే. రిటైరైన కొద్దికాలానికే ఉద్యోగి పోతే కొన్నేండ్ల దాకా పెంచిన రేటు, అంటే సగం వేతనం లెక్కన ఇస్తారు. కేంద్ర ఉద్యోగులకైతే రిటైరైనంక చనిపోతే ఏడేండ్లు, లేదా ఆయన బతికుంటే 67 ఏండ్లు నిండే దాకా, ఏది ముందైతే అది. వినడానికి బాగానే ఉంది. డెబ్బై రెండేండ్లకో, డెబ్బై ఎనిమిదేండ్లకో పోయిన మనిషి భార్యకు ఈ పెంచిన రేటు ఒక్క నెల కూడా రాదు. మొదటి నెల నుంచే 30 శాతం.

ఇక్కడ చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. రిటైరయ్యేటప్పుడు పింఛనులో 40 శాతం కమ్యూటేషన్ పెట్టినవాళ్లకు పదిహేనేండ్లు కోత నడుస్తుంది. 30 వేల పింఛనులో 12 వేలు కోతకు పోతే చేతికి వచ్చే మూలం 18 వేలే. ఆయన చనిపోతే కమ్యూటేషన్ కోత ఆయనతోనే పోతుంది, ఆమె పింఛనుకు అంటదు. అందుకని కొందరు ఆఫీసుల్లో "ఏమమ్మా, ఆయనకూ పద్దెనిమిదే, నీకూ పద్దెనిమిదే కదా, నీకేం తగ్గింది" అంటారు. తగ్గింది. ఆయనకు కరువు భృతి పూర్తి 30 వేల మీద లెక్కగట్టేవారు. ఆమెకు 18 వేల మీదనే. కోత గడువు దాటినంక పోయిన మనిషి ఇంట్లోనైతే మూలమే 12 వేలు ఒక్క నెలలో మాయమవుతుంది.

ఇద్దరు మనుషులు ఒక్కరైనంత మాత్రాన ఇంటి కిరాయి నలభై శాతం తగ్గుతుందా? కరెంటు బిల్లు తగ్గుతుందా? షుగరు గోలీల ధర తగ్గుతుందా? పైగా ఆసుపత్రికి తోడు పోయే మనిషి లేడు కాబట్టి ఆటోకు, తోడు వచ్చినవాడికి అదనంగా ఖర్చు. ఈ 30 శాతం అనే అంకె ఏ లెక్క ప్రకారం న్యాయమో ఏ వేతన సంఘమైనా ఆమె ముందు కూర్చుని చెప్పగలదా?

డబ్బు సంగతి ఇట్లా ఉంటే కాయితాల సంగతి ఇంకా అరిగోస.

మొదటిది పేరు. ఇంట్లో లచ్చవ్వ. సర్వీసు బుక్కులో సారు ముచ్చటపడి రాయించిన లక్ష్మీదేవి. ఓటరు లిస్టులో లచ్చమ్మ. ఆధార్ లో ఆపరేటర్ కు ఏది వినబడితే అది. ఈ నలుగురూ ఒక్కరేనని నిరూపించుకునే బరువు డెబ్బై ఏండ్ల ఆడమనిషి నెత్తిన పడుతుంది. ఆయన రిటైరైన రోజే, ఆయన బతికుండగానే, ఒక్క దస్కతుతో సరిచేయగలిగిన తప్పు అది.

రెండోది పుట్టిన తేదీ. పెద్ద వయసు వచ్చిన పెన్షనర్లకు, ఫ్యామిలీ పెన్షనర్లకు అదనపు పింఛను ఉంది. కేంద్రంలో ఎనభై నిండితే 20 శాతం, ఎనభై అయిదుకు 30, తొంభైకి 40, తొంభై అయిదుకు 50, నూరేండ్లకు నూరు శాతం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో డెబ్బై నుంచే అదనం మొదలవుతుంది. మరి పీపీఓలో ఆయన పుట్టిన తేదీ పక్కాగా ఉంటుంది, ఆమె గడి చాలాసార్లు ఖాళీ. తేదీ లేదు కాబట్టి వయసు లేదు, వయసు లేదు కాబట్టి అదనపు పింఛను లేదు. ఆధార్ తెమ్మంటారు. ఆధార్ ప్రకారం మన ఊళ్లల్ల ముసలోళ్లలో సగం మంది జనవరి ఒకటినే పుట్టినట్టుంది. ఆ జనవరి ఒకటిని ఒక ఆఫీసు ఒప్పుకుంటుంది, ఇంకో ఆఫీసు ఒప్పుకోదు.

మూడోది చెప్పడానికే సిగ్గుగా ఉంది. భార్యకు ఫ్యామిలీ పెన్షన్ ఆమె చనిపోయేదాకా లేదా మళ్లీ పెండ్లి చేసుకునేదాకా. కాబట్టి బతికే ఉన్నానని రాసివ్వడంతోపాటు, మళ్లీ పెండ్లి చేసుకోలేదని కూడా రాసివ్వాలి. ఎనభై ఏండ్ల అవ్వ వేలిముద్ర వేసి నాకు మళ్లీ పెండ్లి కాలేదని సర్కారుకు హామీ ఇస్తుంది. పక్కన నిలబడ్డ మనుమడు తల దించుకుంటాడు. చిన్న వయసులో భర్త పోయిన ఆడపిల్ల మాటైతే ఇంకా అన్యాయం. కొత్త బతుకు మొదలుపెడితే తిండి పోతుంది. తిండి కావాలంటే ఒంటరిగా బతకాలి. పిల్లలు లేని వితంతువు మళ్లీ పెండ్లి చేసుకున్నా, ఆమె సొంత ఆదాయం నిర్ణీత కనీసం కంటే తక్కువుంటే పింఛను కొనసాగించే వెసులుబాటు ఆరో వేతన సంఘం తర్వాత కేంద్రం ఇచ్చింది. అది కూడా పిల్లలు లేనివాళ్లకే. పిల్లలున్న ఆమెకు ఖర్చు తక్కువా?

నాలుగోది వసూళ్లు. ఆయన చనిపోయిన సంగతి ట్రెజరీకో బ్యాంకుకో ఎవరూ వెంటనే చెప్పరు. ఏడుపుల్లో ఎవరికి యాదికుంటది? ఆయన ఖాతాలో రెండు మూడు నెలల పింఛను పడుతూనే ఉంటుంది. దినవారాల ఖర్చుకు కొడుకు ఏటీఎం కార్డుతో తీస్తాడు. తర్వాత అదంతా ఎక్కువ చెల్లింపు అని తేలి, ఆమెకు మొదలయ్యే కొద్దిపాటి పింఛనులోంచి పట్టుకుంటారు. నెలకింత చొప్పున పట్టండని అడగవచ్చని ఆమెకు చెప్పేవాళ్లుండరు.

ఇంకో సంగతి ఉంది. సంఘాల నాయకులు మైకులో మాట్లాడరు, చాయ్ హోటల్లో గుసగుసగా మాట్లాడతారు. రెండిండ్ల సార్ల సంగతి. బతికినన్నాళ్లు రెండు ఇండ్లు నడిపి, ఏ కాయితమూ సరిచేయకుండా పోతారు. శవం లేచిన మూడోనాడు ఇద్దరు ఆడవాళ్లు ట్రెజరీ మెట్ల మీద ఎదురుపడతారు. మొదటి భార్య బతికుండగా, విడాకులు లేకుండా చేసుకున్న రెండో పెండ్లి హిందూ వివాహ చట్టం ముందు చెల్లదు. ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ రాదు, ఆమె పిల్లలకు పాలు ఉంటుంది అని రామేశ్వరీ దేవి కేసులో సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. నామినేషన్ కాయితంలో పేరు రాసినంత మాత్రాన భార్య హోదా రాదు. ఇరవై ఏండ్లు ఆయనకు చాకిరీ చేసిన ఆ రెండో ఆమెను మోసం చేసింది చట్టం కంటే ముందు ఆ మనిషే. ఉద్యోగ మిత్రులు కోపం చేసుకున్నా సరే, ఈ మాట రాయక తప్పదు.

దీన్ని రిటైరైనంక చేసుకున్న సక్రమమైన పెండ్లితో కలపొద్దు. మొదటి భార్య చనిపోయి, ముసలితనంలో తోడు కోసం పెండ్లి చేసుకున్నవాళ్లుంటారు. సర్వీసులో ఉండగా చేసుకున్నదే పెండ్లి అని పాత నిబంధన పట్టుకుని వాళ్లకు పింఛను నిరాకరించారు. అది చెల్లదని భగవంతి కేసులో 1989లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆడ ఉద్యోగుల విషయంలో కూడా ఒక మంచి మార్పు వచ్చింది. భర్త మీద విడాకుల కేసో, గృహహింస కేసో, వరకట్న కేసో నడుస్తుంటే, తన తర్వాత పింఛను అతనికి కాకుండా ముందు పిల్లలకే ఇవ్వాలని ఆమె రాసిపెట్టుకోవచ్చని కేంద్రం 2024 జనవరిలో ఉత్తర్వు ఇచ్చింది.

ఆర్టీసీ ఇంటి సంగతి చూస్తే ట్రెజరీ ముందున్న అవ్వే నయమనిపిస్తుంది. బస్సు డ్రైవర్ కు, కండక్టర్ కు సర్కారు పింఛను లేదు. ప్రావిడెంట్ ఫండ్ వాళ్ల ఈపీఎస్-95 ఒక్కటే దిక్కు. 2014 సెప్టెంబర్ నుంచి ఆ పథకంలో జీతం లెక్కకు 15 వేలు గరిష్ఠం, అంతకు ముందు 6,500. ముప్పై అయిదేండ్లు స్టీరింగు పట్టి, మొత్తం సర్వీసూ 15 వేల మీదనే లెక్కగట్టినా ఆయనకు వచ్చేది 7,500. రిటైరైనంక ఆయన పోతే భార్యకు అందులో సగం, 3,750. పాత గరిష్ఠం కింద ఎక్కువకాలం చేసినవాళ్ల ఇండ్లల్ల అంత కూడా రాదు. ఆ పథకంలో కనీస పింఛనును వెయ్యి రూపాయలుగా నిర్ణయించింది 2014లో. 2019లో మన రాష్ట్రంలో వితంతువుల ఆసరా 2,016 అయింది. జీవితమంతా ప్రతి నెలా జీతంలోంచి కోత పెట్టించుకున్న కార్మికుడి భార్యకు కనీసం వెయ్యి! 2019లో ఆర్టీసీ కార్మికులు యాభై రోజులకు పైగా సమ్మె చేసినప్పుడు జీతాల మీద, విలీనం మీద రాష్ట్రమంతా మాట్లాడింది. ఈ వెయ్యి రూపాయల మీద మాట్లాడినవాళ్లు తక్కువ.

ఇక అసలు కత్తి.

2004 సెప్టెంబర్ 1 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో కొలువులో చేరినవాళ్లకు పాత పింఛను లేదు. కేంద్రంలో ఆ ఏడాది జనవరి 1 నుంచే పోయింది. ఆ తారీఖును ఉద్యోగులు పెన్షన్ విద్రోహ దినంగా పాటిస్తున్నారు. డీఎస్సీ-2003 టీచర్లు ఇంకో రకంగా బలయ్యారు. నోటిఫికేషన్ తారీఖుకు ముందు వచ్చింది, సర్కారు ఆలస్యం చేసి పోస్టింగులు ఆ తారీఖు దాటినంక ఇచ్చింది. ఆలస్యం సర్కారుది, శిక్ష టీచర్ ది. రాష్ట్రం వచ్చినంక సీపీఎస్ పోతుందని ఎంతోమంది ఆశపడ్డారు. పోలేదు. కొత్త రాష్ట్రంలో కూడా 2014 నుంచే కొనసాగించారు.

సీపీఎస్ అంటే ఆయన పింఛను పోవడం అని అందరూ అనుకుంటున్నారు. ఆమె పింఛను పోవడం అని ఎంతమందికి తట్టింది? ఈ పథకంలో రిటైరైన ఉద్యోగి తన ఖాతాలో కూడిన సొమ్ములో కనీసం 40 శాతంతో బీమా కంపెనీ దగ్గర యాన్యుటీ కొనాలి. నెలకు ఎంత వస్తుందో ఆ నాటి వడ్డీ రేట్లు, మార్కెట్టు దయ. ఆయన తర్వాత ఆమెకు వస్తుందా అన్నది ఆయన ఎంచుకున్న యాన్యుటీ రకాన్ని బట్టి. వచ్చినా కరువు భృతి లేదు, పీఆర్సీ లేదు. ఈ రోజు నాలుగు వేలు అంటే ఇరవై ఏండ్ల తర్వాత కూడా ఆ నాలుగు వేలే. పాత పింఛనులో 30 శాతం తక్కువని పైన గొంతు చించుకున్నాం. ఇక్కడ శాతమే లేదు.

సర్వీసులో ఉండగా చనిపోయిన సీపీఎస్ ఉద్యోగి కుటుంబానికి ఫ్యామిలీ పెన్షన్ ఇస్తామని 2021లో పీఆర్సీతో పాటు తెలంగాణ ప్రభుత్వం ప్రకటించి ఉత్తర్వులిచ్చింది. కేంద్రం ఆ పని 2009లోనే తాత్కాలిక పద్ధతిలో మొదలుపెట్టింది. మంచిదే. ఆ ఉత్తర్వు రాకముందు ఎందరో కుటుంబాలు చందాలతో కర్మకాండలు చేసుకున్నాయి. అయితే ఇందులోని వింత చూడండి. ఉద్యోగి రిటైర్మెంటుకు ఒక్క రోజు ముందు పోతే భార్యకు ఫ్యామిలీ పెన్షన్ ఉంది. ఒక్క రోజు తర్వాత పోతే లేదు. భర్త ఎప్పుడు చనిపోతే తనకు తిండి దొరుకుతుందో లెక్కేసుకోవాల్సిన గతి ఏ ఆడమనిషికీ రావొద్దు. ఈ పథకం రాసినవాళ్లు అదే గతి పట్టించారు.

ఇప్పుడు కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి యూపీఎస్ తెచ్చింది. ఇరవై అయిదేండ్ల సర్వీసుకు చివరి ఏడాది సగటు బేసిక్ లో సగం పింఛను, ఆయన తర్వాత ఆమెకు అందులో 60 శాతం. సగంలో 60 శాతం అంటే మళ్లీ ఆ 30 శాతమే. సీపీఎస్ కంటే నయం, కాదనలేం. అయితే రిటైరైన నాటికి చట్టబద్ధమైన జీవిత భాగస్వామి ఎవరో వాళ్లకే ఇస్తామని మెలిక పెట్టారు. 1989లో కోర్టు కొట్టేసిన పాత తలుపును దొడ్డిదారిన మళ్లీ బిగించారు. రాజస్థాన్ 2022లో, హిమాచల్ ప్రదేశ్ 2023లో పాత పింఛను పునరుద్ధరించాయి. ఇష్టముంటే దారి ఉందని అవి చూపించాయి.

పాత పింఛను ఉన్నవాళ్లకైనా నిమ్మళం ఉందా అంటే, 2024 మార్చి తర్వాత తెలంగాణలో రిటైరైనవాళ్లు గ్రాట్యుటీ కోసం, కమ్యూటేషన్ పైసల కోసం నెలల తరబడి తిరిగారు. వాటి కోసం ఎదురు చూస్తూనే కొందరు కండ్లు మూశారు. ఆ బకాయి కోసం వాళ్ల భార్యలు వారసత్వ ధ్రువపత్రాలు పట్టుకుని మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టారు.

ఉద్యోగ మిత్రులారా, వచ్చే చర్చల్లో ఫ్యామిలీ పెన్షన్ ను ఇరవయ్యో నంబరు నుంచి మొదటి అయిదింట్లోకి తెండి. చివరి వేతనంలో 30 శాతాన్ని 40కి పెంచమని అడగండి. రిటైర్మెంటు కాయితాలతోనే భార్య లేదా భర్త పేరు ఆధార్ తో సరిపోయేటట్టు, పుట్టిన తేదీ నింపేటట్టు ఉత్తర్వు అడగండి. ఎనభై దాటిన అవ్వతో పెండ్లి కాలేదని రాయించే పద్ధతి ఎత్తేయమనండి. రిటైరైన సీపీఎస్ ఉద్యోగి భార్యకు కూడా ఫ్యామిలీ పెన్షన్ వర్తింపజేయమనండి. సంఘం కార్యవర్గంలో ఇద్దరు ఫ్యామిలీ పెన్షనర్లకు చోటివ్వండి, అది సర్కారును అడగాల్సిన పని కూడా కాదు.

ఇంట్లో చేసే పని ఇంకొకటి. ఈ ఆదివారం పీపీఓ బయటికి తీసి ఆమె ముందు పెట్టండి. అది ఏ కాయితమో, ఏ ట్రెజరీదో, ఏ బ్యాంకుదో, తన పేరు ఎట్లా రాసి ఉందో ఆమెతో చదివించండి, చదువు రాకుంటే మీరు చదివి వినిపించండి. బీరువాలో ఏ అరలో పెడుతున్నారో చెప్పండి. అపశకునం మాట్లాడుతున్నావని ఆమె తిడితే తిట్టనివ్వండి.

వరండాలో కూర్చున్న అవ్వ పని ఏడో నెలలో అయింది. రెండు పేర్లూ ఒక్క మనిషివేనని తహసీల్దార్ రాసిచ్చిన కాయితం కోసం నాలుగుసార్లు మండలానికి తిరిగింది. బకాయితో కలిపి ఖాతాలో పైసలు పడ్డనాడు ముందుగా కిరాణం దుకాణానికి పోయి ఏడు నెలల ఖాతా కొట్టేయించుకుంది.